ఆర్నో తీరంలో కళానగరం

ఇటలీ దేశపు మధ్యభాగంలో, టస్కనీ ప్రాంతానికి రాజధానిగా, ఆర్నో నదికి ఇరువైపులా విస్తరించిన నగరం ఫ్లారెన్స్. ఇటాలియన్ భాషలో దీని పేరు ఫిరెంజె. క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దిలో రోమన్ల స్థావరంగా మొదలైన ఈ ఊరు, మధ్యయుగాలలో ఉన్ని వస్త్రాల వ్యాపారంతోను, వడ్డీ వ్యాపారంతోను సంపన్నమైంది. ఆ సంపద కేవలం భాండాగారాలలో మూలుగక దేవాలయాలుగా, వంతెనలుగా, శిల్పాలుగా, చిత్రాలుగా రూపుదాల్చింది. యూరపు చరిత్రలో సాంస్కృతిక పునరుజ్జీవనం అని పేర్కొనే మహోద్యమానికి ఈ నగరమే పుట్టినిల్లు. జనాభా నాలుగు లక్షలకు లోపే అయినా, ప్రపంచంలోని మహానగరాలతో సమానమైన ప్రఖ్యాతి దీనికి లభించింది. 1982లో యునెస్కో సంస్థ ఈ నగరంలోని ప్రాచీన భాగాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

ఒక నగరాన్ని చూడడం వేరు, తెలుసుకొనడం వేరు. భవనాల అందాన్ని కన్ను గ్రహిస్తుంది. ఆ భవనాలు ఎందుకు నిలిచాయి, ఎవరు నిలిపారు అన్న ప్రశ్నలకు సమాధానం బుద్ధి వెదుక్కోవాలి. ఫ్లారెన్స్ విషయంలో ఈ ప్రశ్నలు మరింత ముఖ్యమైనవి. యుద్ధం, వరద, బాంబుదాడి – మూడింటినీ ఇరవయ్యో శతాబ్దంలోనే ఈ నగరం చవిచూసింది. అయినా అక్కడి కళాసంపదలో అధికభాగం నేటికీ నిలిచి ఉంది. ఒక రోజు బస్సుయాత్రతోను, ఒక మ్యూజియం సందర్శనతోను ఆ రహస్యాన్ని కొంతవరకు గ్రహించవచ్చు.

బస్సు ఊరి చుట్టూ ఎందుకు తిరుగుతుంది?

ఫ్లారెన్స్‌కు రైలులో వచ్చే యాత్రికులు దిగే ప్రధాన స్టేషన్ పేరు సాంతా మరియా నొవెల్లా. నగర బస్సులు, యాత్రికుల కోసం నడిపే రెండంతస్తుల బస్సులు ఈ పరిసరాలనుండే బయలుదేరుతాయి. పైఅంతస్తుకు కప్పు లేని యాత్రా బస్సులలో ప్రతి ఆసనం వద్ద చెవికి తగిలించుకునే సాధనం ఉంటుంది. దారిలో కనిపించే కట్టడాల వివరాలను దానిద్వారా పలు భాషలలో వినవచ్చు. ఒకసారి టికెట్ కొన్నవారు నచ్చినచోట దిగి, ఆ ప్రదేశాన్ని చూసి, వెనుక వచ్చే బస్సులో ఎక్కవచ్చు. మామూలు నగర బస్సులలో కాగితపు టికెట్ కొన్నవారు బస్సు ఎక్కగానే అక్కడి యంత్రంలో దానిపై ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేని టికెట్ చెల్లదు. చేతిలో టికెట్ ఉన్నా జరిమానా కట్టవలసి వస్తుంది.

బస్సు బయలుదేరిన కొద్దిసేపటికి కొత్త యాత్రికునికి ఒక సందేహం కలుగుతుంది. చూడవలసిన ప్రసిద్ధ కట్టడాలన్నీ నగరం నడిబొడ్డున ఉండగా, పెద్ద బస్సు మాత్రం ఊరి అంచున, విశాలమైన చెట్ల రహదారులపై సాగుతుంది. దీనికి కారణం నగర చరిత్రలోనే ఉంది. మధ్యయుగాల నాటి వీధులు ఇరుకైనవి. మనుషులు, గుర్రాలు, బండ్లు తిరగడానికి ఏర్పడిన ఆ సందులలో పెద్ద వాహనాలు పట్టవు. పైగా వాహనాల పొగ, అదురు పాతరాతి కట్టడాలకు హాని చేస్తాయి. అందువల్ల నగర కేంద్రంలో వాహనాలపై కఠినమైన నియంత్రణ అమలులో ఉంది. అనుమతి లేని వాహనం ఆ ప్రాంతంలో అడుగుపెడితే కెమెరాలు దానిని పట్టి ఇస్తాయి. లోపలి వీధులలో చిన్న బస్సులు మాత్రమే తిరుగుతాయి. మిగిలినదంతా కాలినడకే.

బస్సు సాగే ఆ విశాలమైన రహదారులకు కూడ ఒక కథ ఉంది. 1284లో మొదలై 1333 నాటికి పూర్తయిన కోటగోడ ఒకప్పుడు అక్కడ నగరాన్ని చుట్టి ఉండేది. ఇటలీ ఏకీకరణ తరువాత 1865 నుండి 1871 వరకు ఫ్లారెన్స్ దేశానికి రాజధానిగా ఉంది. రాజధానికి తగిన విధంగా నగరాన్ని విస్తరించే బాధ్యతను జుసెప్పె పోజ్జి అనే వాస్తుశిల్పికి అప్పగించారు. ఆయన నదికి ఉత్తరాన ఉన్న గోడను తొలగింపజేసి, ఆ స్థానంలో ఈ రహదారులను నిర్మింపజేశాడు. పాత నగరద్వారాలను మాత్రం ఉంచాడు. నేడు వాహనాల రద్దీ నడుమ ఒంటరిగా నిలిచిన ఆ ద్వారాలు కోటగోడ పోయిన చోటును గుర్తుచేస్తుంటాయి. రాజధాని హోదా రోమ్ నగరానికి తరలిపోయింది. రహదారులు మిగిలాయి. నదికి దక్షిణాన మాత్రం పాత గోడ చాలావరకు నేటికీ నిలిచి ఉంది.

కొండమీదినుండి నగరదర్శనం

నది దాటిన తరువాత బస్సు వంపులు తిరిగిన దారిలో కొండ ఎక్కుతుంది. ఈ దారిలోని భాగాలకు మేకియవెల్లి, గెలీలియో, మైకెలాంజిలో పేర్లు పెట్టారు. రాజనీతిశాస్త్రం, విజ్ఞానశాస్త్రం, కళ – ఈ మూడు రంగాలలో నగర కీర్తికి కారకులైన ముగ్గురిని దారి పొడవునా స్మరించుకోవడం ఎంతో సముచితం. దారి చివర కొండపై మైకెలాంజిలో పేర ఒక విశాలమైన వేదిక ఉంది. దీనిని రూపొందించినవాడు కూడ పోజ్జియే. వేదిక నడుమ మైకెలాంజిలో చెక్కిన డేవిడ్ విగ్రహానికి కంచు నకలు ఉంది.

అక్కడ నిలబడి చూస్తే నగరమంతా పటం పరచినట్లు కనిపిస్తుంది. ఎర్రని పెంకుల కప్పులు, వాటి నడుమ వంకలు తిరిగే ఆర్నో, దానిపై వరుసగా వంతెనలు, ఎడమవైపున నగర పాలనాభవనమైన పలాజో వెక్కియో గోపురం, కుడివైపున సాంతా క్రోచే దేవాలయం. వీటన్నింటినీ మించి, ఇళ్ళ గుంపునుండి పైకి లేచిన కొండవలె, ప్రధాన దేవాలయపు గుమ్మటం దర్శనమిస్తుంది.

ఈ గుమ్మటం నిర్మాణ చరిత్ర తెలుసుకోదగినది. దేవాలయ నిర్మాణం 1296లో ప్రారంభమైంది. వంద సంవత్సరాలు గడిచినా పైకప్పు మాత్రం పూర్తికాలేదు. దాదాపు 45 మీటర్ల వెడల్పున్న ఆ ఖాళీని కప్పే విధానం ఎవరికీ తెలియలేదు. సాధారణంగా గుమ్మటాన్ని కట్టేటప్పుడు కింద కొయ్యతో ఆధారం నిర్మించి, పని పూర్తయిన తరువాత దానిని తీసివేస్తారు. అంత ఎత్తున, అంత వెడల్పున కొయ్య ఆధారం నిలపడం దాదాపు అసాధ్యం. 1418లో ఇందుకోసం పోటీ ప్రకటించారు. స్వర్ణకారునిగా శిక్షణ పొందిన ఫిలిప్పో బ్రునెల్లెస్కీ అసలు కొయ్య ఆధారమే లేకుండా గుమ్మటాన్ని కట్టగలనని ముందుకు వచ్చాడు.

ఆయన ఒక గుమ్మటానికి బదులు ఒకదానిలో ఒకటి ఇమిడిన రెండు గుమ్మటాలను ఊహించాడు. రెండింటి నడుమ ఖాళీ ఉండడంవల్ల బరువు తగ్గింది. ఇటుకలను చేప ముల్లు ఆకృతిలో పేర్పించాడు. వరుసల నడుమ నిలువుగా నిలిపిన ఇటుకలు, పక్క ఇటుకలు లోపలికి జారిపోకుండ పట్టి ఉంచాయి. పూర్తయిన ప్రతి వరుసా తన బరువును తానే మోసుకుంటూ తరువాతి వరుసకు ఆధారమైంది. బరువులను పైకి చేర్చడానికి ఎడ్లతో నడిచే కొత్త యంత్రాలను ఆయనే కల్పించాడు. 1420లో మొదలైన పని 1436లో పూర్తయింది. సుమారు 40 లక్షల ఇటుకలతో నిర్మించిన ఆ గుమ్మటం ఇటుకతో కట్టినవాటిలో ప్రపంచంలోనే అతిపెద్దదిగా నేటికీ ప్రసిద్ధి పొందుతున్నది. రెండు గుమ్మటాల నడుమ ఉన్న సందులోని 463 మెట్లు ఎక్కి యాత్రికులు శిఖరాన్ని చేరుకుంటారు. ఆ మెట్లదారి మొదట పనివారి రాకపోకలకు ఏర్పడినది.

వంతెనలు చెప్పే కథ

కొండ దిగి నదీతీరానికి వస్తే, ఇరువైపులా దుకాణాలతో నిండిన ఒక వంతెన అందరినీ ఆకర్షిస్తుంది. దీని పేరు పొంటె వెక్కియో. ఆ మాటకు పాత వంతెన అని అర్థం. 1333 నవంబరు 4న వచ్చిన వరదలో అంతకుముందున్న వంతెన కొట్టుకుపోగా 1345లో దీనిని నిర్మించారు. పూర్వం ఇక్కడ కసాయి దుకాణాలుండేవి. ఆ దుర్గంధం సహించలేక 1593లో టస్కనీ పాలకుడు మొదటి ఫెర్దినాందో వాటిని తొలగించి బంగారు పనివారికి చోటిచ్చాడు. నాటినుండి నేటివరకు అక్కడ నగల వ్యాపారమే సాగుతున్నది.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1944 ఆగస్టులో, వెనుకకు మరలుతున్న జర్మన్ సేనలు నగరంలోని వంతెనలన్నింటినీ పేల్చివేశాయి. పొంటె వెక్కియోను మాత్రం విడిచిపెట్టి, దానికి రెండు కొసలలో ఉన్న ఇళ్ళను కూల్చివేసి దారిని మూసివేశాయి. అలా నేలమట్టమైన వాటిలో పదహారవ శతాబ్దినాటి సాంతా త్రినితా వంతెన ఎంతో సొగసైనది. యుద్ధానంతరం కొత్త పద్ధతిలో మరొక వంతెన కట్టడం సులభమే. ఫ్లారెన్స్ ప్రజలు అందుకు అంగీకరించలేదు. నదిలో పడిన రాళ్ళను వెలికితీసి, పాత నమూనాను అనుసరించి, 1958 నాటికి ఆ వంతెనను తిరిగి నిర్మించుకున్నారు. వంతెన కొసలలో ఉండే నాలుగు ఋతువుల విగ్రహాలలో వసంతలక్ష్మి శిరస్సు మాత్రం దొరకలేదు. 1961లో అది నదీగర్భంలో లభించగా విగ్రహానికి తిరిగి అమర్చారు. పోయినదానిని పోనివ్వక వెదికి తెచ్చుకునే స్వభావం ఈ నగరానిది.

ఉఫ్ఫీజీ మ్యూజియం

పొంటె వెక్కియోకు సమీపంలో, నది ఒడ్డున ఉన్న పొడవైన భవనం ఉఫ్ఫీజీ. ఇటాలియన్ భాషలో ఈ మాటకు కార్యాలయాలు అని అర్థం. టస్కనీని పాలించిన మెడిచి వంశీయుడు మొదటి కోసిమో తన ప్రభుత్వ కార్యాలయాలన్నింటినీ ఒకేచోటికి చేర్చడానికి 1560లో ఈ భవన నిర్మాణాన్ని ప్రారంభింపజేశాడు. దీని రూపశిల్పి జార్జో వసారి. ఆయన వాస్తుశిల్పి మాత్రమే గాక చిత్రకారుడు. ఇటలీ కళాకారుల జీవితచరిత్రలు రచించిన తొలి కళాచరిత్రకారుడు కూడ. కోసిమో కుమారుడు ఫ్రాన్సెస్కో ఈ భవనపు పైఅంతస్తులో తమ వంశం సేకరించిన శిల్పాలను, చిత్రాలను అలంకరింపజేశాడు. కార్యాలయం క్రమంగా కళాలయమైంది.

సోమవారం ఉఫ్ఫీజీకి సెలవు. రద్దీ అధికం కాబట్టి సందర్శకులు ముందుగానే సమయాన్ని నిర్ణయించుకొని టికెట్ తీసుకోవడం మేలు. లోపలికి వెళ్ళినవారు మొదట ఎత్తైన మెట్లు ఎక్కి పైఅంతస్తుకు చేరుకుంటారు. అక్కడ పొడవైన వసారాలు, వాటిలో ప్రాచీన రోమన్ శిల్పాలు, పైకప్పున చిత్రాలంకరణ కనిపిస్తాయి. వసారానుండి గదులలోకి దారులుంటాయి.

మ్యూజియంలోని వేలాది వస్తువులను ఒక్క రోజులో చూడాలనుకొనడం నదిని దోసిట పట్టాలనుకొనడం వంటిది. కొన్నింటిని ఎన్నుకొని నిదానంగా చూడడమే ఉత్తమం. మొదటి గదులలో ఒకేచోట ఉన్న మూడు పెద్ద చిత్రాలు అందుకు తగినవి. మూడింటి వస్తువు ఒకటే – బాలఏసును ఒడిలో ఉంచుకొని సింహాసనంపై కూర్చున్న మేరీమాత. వాటిని చిత్రించినవారు చిమబూయే, దుచ్చో, జొట్టో. మూడింటి వెనుకా బంగారు పూతే. అయినా జొట్టో చిత్రం ముందు నిలిచిన చూపరికి ఏదో మార్పు తోస్తుంది. ఆయన గీసిన మేరీమాత బంగారు ఆకాశంలో తేలియాడదు. ఆమె దేహానికి బరువు ఉంది. వస్త్రం కింద మోకాలు తెలుస్తుంది. దైవాన్ని మానవరూపంలో దగ్గరగా చూడాలన్న ఆకాంక్ష అక్కడ కనబడుతుంది. పునరుజ్జీవన చిత్రకళకు బీజం ఈ మార్పులోనే ఉంది.

తరువాతి గదులలో బొట్టిచెల్లి చిత్రించిన వీనస్ జననం, వసంతం అన్న ప్రసిద్ధ చిత్రాలున్నాయి. మొదటిది సుమారు 1485 నాటిది. సముద్రంలో పుట్టిన సౌందర్యదేవత ఆల్చిప్పపై నిలిచి తీరానికి చేరే దృశ్యం అది. క్రైస్తవ కథలే చిత్రాలకు ప్రధాన వస్తువులైన కాలంలో, ప్రాచీన గ్రీకు, రోమన్ పురాణగాథను అంత పెద్ద చిత్రంగా మలచడం ఒక విశేషం. లియొనార్డో డావిన్సీ యౌవనంలో చిత్రించిన దేవదూత శుభవార్త చిత్రంలో మేరీ కుడిచేయి కొంత పొడవుగా తోస్తుంది. చిత్రాన్ని ఎదురుగా గాక కుడివైపునుండి చూడడానికి ఉద్దేశించి అలా గీశాడని కొందరు పండితుల అభిప్రాయం. కుడివైపుకు నడిచి చూసినవారికి ఆ అభిప్రాయంలోని ఔచిత్యం స్వయంగా తెలుస్తుంది.

రఫేల్ చిత్రించిన మరొక మేరీమాత చిత్రం చరిత్ర హృదయాన్ని కదిలిస్తుంది. ఇద్దరు శిశువులు, వారి చేతులలో ఒక చిన్న పక్షి, వెనుక ప్రశాంతమైన ప్రకృతి. మిత్రుని వివాహ సందర్భంగా రఫేల్ దీనిని చెక్కపలకపై చిత్రించాడు. 1547లో ఆ ఇల్లు కూలిపోయి చిత్రం 17 ముక్కలైంది. ఆ కుటుంబం వారు ముక్కలను ఏరి, మేకులతో కలిపించి, రంగు వేయించి దాచుకున్నారు. శతాబ్దాల తరువాత నిపుణులు పదేళ్ళు శ్రమించి, పైనున్న పాత రంగుల పొరలను తొలగించి, 2008లో దానికి పూర్వశోభను సమకూర్చారు.

ఒక రాకుమారి ఒప్పందం

ఇంతటి సంపద ఒక రాజవంశపు సొంత ఆస్తి. ఆ వంశం అంతరించినా ఆస్తి నగరంలోనే ఎలా నిలిచింది? రాజ్యాలు చేతులు మారినప్పుడు కళాఖండాలు చెదిరిపోవడం యూరపు చరిత్రలో సాధారణం. మాంటువా నగరాన్ని పాలించిన గొంజాగా వంశీయులు ధనావసరం వల్ల 1627, 1628 సంవత్సరాలలో తమ అమూల్య చిత్రాలను ఇంగ్లండు రాజు మొదటి ఛార్లెస్‌కు విక్రయించారు. ఫ్లారెన్స్‌కు కూడ అటువంటి ప్రమాదమే ముంచుకు వచ్చింది.

1737లో చివరి మెడిచి పాలకుడు సంతానం లేకుండ మరణించాడు. రాజ్యం లొరెయిన్ వంశానికి సంక్రమించింది. మరణించిన పాలకుని సోదరి ఆనా మరియా లుయీజా ఆ వంశంలో చివరి వ్యక్తి. రాజ్యాధికారం ఆమె చేతిలో లేదు. వంశం సేకరించిన కళాసంపదపై మాత్రం హక్కు ఉంది. అదే సంవత్సరం ఆమె కొత్త పాలకునితో ఒక ఒప్పందం కుదుర్చుకున్నది. చిత్రాలు, శిల్పాలు, గ్రంథాలు, ఆభరణాలు అన్నింటినీ ఆమె కొత్త పాలకులకు అప్పగించింది. అందుకు ఒకే షరతు విధించింది. వాటిలో ఏదీ రాజధానినుండి, రాజ్యంనుండి బయటికి వెళ్ళకూడదు. అవి రాజ్యానికి అలంకారంగా, ప్రజలకు ప్రయోజనకరంగా, విదేశీయులకు ఆకర్షణగా ఉండాలని ఆ ఒప్పందంలో ఆమె స్పష్టం చేసింది. ఆమె 1743లో మరణించింది. 1769లో లొరెయిన్ పాలకుడు పియెత్రో లియొపోల్దో ఉఫ్ఫీజీ తలుపులను ప్రజల కోసం తెరిపించాడు. కత్తి పట్టకుండానే ఒక స్త్రీ తన నగరాన్ని గెలిపించింది.

ఈ సందర్భంలో తెలుగువారికి హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియం స్ఫురణకు రావడం సహజం. మూడవ సాలార్‌జంగ్ 1949లో వారసులు లేకుండ మరణించగా, వారి వంశం సేకరించిన కళాఖండాలను 1951లో ప్రజలకు ప్రదర్శనగా ఉంచారు. 1961లో పార్లమెంటు ఆ మ్యూజియాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. అక్కడ మేలిముసుగులో మెరిసే రెబెక్కా పాలరాతి విగ్రహం ఇటలీ శిల్పి బెంజోనీ సృష్టి. మొదటి సాలార్‌జంగ్ 1876లో దానిని రోమ్ నగరంలో కొన్నాడు. పాలరాతిని పలుచని వస్త్రంగా భ్రమింపజేసే ఇటలీ శిల్పుల నేర్పును చూడడానికి తెలుగు విద్యార్థి సముద్రాలు దాటనవసరం లేదు.

నగరాన్ని ముంచిన వరద

ఫ్లారెన్స్ గోడలపై అక్కడక్కడ చిన్న ఫలకాలు కనిపిస్తాయి. వరదనీరు ఎంత ఎత్తుకు చేరిందో అవి తెలుపుతాయి. వాటిలో అతి ఎత్తున ఉన్నవి 1966 నవంబరు 4 నాటివి. 1333లో వంతెనను కూల్చిన వరద వచ్చినది కూడ నవంబరు 4ననే కావడం విచిత్రమైన యాదృచ్ఛికం. ఎడతెగని వర్షాల వల్ల ఆర్నో పొంగి తెల్లవారుజామున నగరాన్ని ముంచెత్తింది. పల్లమైన సాంతా క్రోచే ప్రాంతంలో నీరు ఇళ్ళ మొదటి అంతస్తును తాకింది. నగరంలోను, పరిసరాలలోను ముప్పైమందికి పైగా మరణించారు. శీతకాలం కోసం నేలమాళిగలలో నిలువచేసిన నూనె నీటిలో కలిసి, నల్లని జిడ్డుబురదగా గోడలకు, పుస్తకాలకు, చిత్రాలకు అంటుకున్నది.

జాతీయ గ్రంథాలయంలోని లక్షలాది గ్రంథాలు, పత్రాలు బురదలో మునిగాయి. దేవాలయ ప్రాంగణంలోని స్నానఘట్టపు కంచు ద్వారాలనుండి ఐదు ఫలకాలు ఊడిపోయాయి. సాంతా క్రోచేలో ఉన్న చిమబూయే శిలువచిత్రం తన రంగులో సగానికి పైగా కోల్పోయింది.

అప్పుడు ఒక అపూర్వ దృశ్యం ఆవిష్కృతమైంది. ఇటలీ నలుమూలలనుండి, ఇతర దేశాలనుండి వేలాది యువతీయువకులు పిలవకుండానే తరలివచ్చారు. వారిలో అధికులు విద్యార్థులు. గ్రంథాలయపు నేలమాళిగనుండి పైదాకా వరుసగా నిలబడి, బురదపట్టిన గ్రంథాలను చేతినుండి చేతికి అందించారు. నగరప్రజలు వారిని బురదలోని దేవదూతలు అని ప్రేమగా పిలుచుకున్నారు. తడిసిన గ్రంథాల పుటల నడుమ అద్దుడు కాగితాలు ఉంచారు. ఆరబెట్టడానికి పొగాకు బ్యారన్లను సైతం ఉపయోగించారు. గుంటూరు, ప్రకాశం జిల్లాలవారికి చిరపరిచితమైన పొగాకు బ్యారన్ ఒక దేశపు గ్రంథసంపదను కాపాడిందంటే ఆశ్చర్యం కలుగుతుంది.

నీరు తీసిన తరువాత అసలు పని మొదలైంది. పోయిన రంగును మళ్ళీ ఊహించి పూయడం న్యాయమా? అలా చేస్తే అది చిమబూయే చిత్రం కాదు, బాగుచేసినవాని చిత్రం అవుతుంది. పూయక వదిలితే చిత్రం తెల్లని మచ్చలతో మిగులుతుంది. నిపుణులు మధ్యేమార్గాన్ని అనుసరించారు. రంగు పోయినచోట సన్నని గీతలతో, చుట్టూ ఉన్న వర్ణాలకు సామరస్యం కుదిరేటట్లు పూరించారు. దూరంనుండి చూస్తే చిత్రం ఒకటిగా కనిపిస్తుంది. దగ్గరికి వెళితే ఏది పాతదో, ఏది కొత్తదో తెలుస్తుంది. నష్టాన్ని దాచకుండ చూపుతూనే చిత్రాన్ని నిలబెట్టే ఈ విధానంలో కౌశలంతో పాటు నిజాయితీ కూడ ఉంది. వసారి చెక్కపలకలపై చిత్రించిన చివరి విందు చిత్రం వరదలో గంటల తరబడి మునిగి ఉన్నది. దానిని బాగుచేసే సాధనాలు చాలాకాలం లభించలేదు. నిపుణులు దానిని దాచి ఉంచి, కాలం కోసం వేచి ఉన్నారు. సరిగ్గా యాభై సంవత్సరాలకు, 2016లో, ఆ చిత్రం సాంతా క్రోచేకు తిరిగి చేరింది.

ఆపద నీటి రూపంలోనే రాలేదు. 1993 మే 27 రాత్రి ఉఫ్ఫీజీ సమీపంలో మాఫియా ముఠా కారులో బాంబు పేల్చింది. ఐదుగురు మరణించారు. వారిలో ఇద్దరు పసివారు. మూడు చిత్రాలు దాదాపు పూర్తిగా ధ్వంసమయ్యాయి, మరెన్నో దెబ్బతిన్నాయి. మ్యూజియం సిబ్బంది శిథిలాల నడుమనే పనికి పూనుకున్నారు. కొన్ని వారాలలోనే మ్యూజియంలో కొంత భాగం తిరిగి తెరుచుకున్నది.

డేవిడ్ విగ్రహం

నగరంలోని అకాడమీ మ్యూజియంలో ఉన్న మైకెలాంజిలో డేవిడ్ విగ్రహం ఎత్తు 5.17 మీటర్లు. ఇద్దరు శిల్పులు మొదలుపెట్టి వదిలివేసిన పాలరాతి దిమ్మె దశాబ్దాలపాటు ఎండకు, వానకు గురై పడి ఉన్నది. 1501లో ఇరవై ఆరేళ్ళ మైకెలాంజిలో దానిని స్వీకరించి 1504లో విగ్రహాన్ని పూర్తిచేశాడు. మహాకాయుడైన శత్రువును ఒక గొర్రెలకాపరి బాలుడు వడిసెలతో ఎదిరించిన కథ బైబిలులో ఉంది. బలవంతులైన ఇరుగుపొరుగు రాజ్యాల నడుమ స్వేచ్ఛను కాపాడుకోదలచిన ఫ్లారెన్స్ గణతంత్రానికి ఆ బాలుడు ప్రతీక అయినాడు. అందువల్లనే విగ్రహాన్ని పాలనాభవనం ఎదుట నిలిపారు. వాతావరణం వల్ల కలిగే హానిని గమనించి 1873లో లోపలికి తరలించారు. పూర్వస్థానంలో నేడున్నది నకలు.

భారతీయుల జాడ

నగరానికి పడమట, ముఞోనె అనే ఏరు ఆర్నోలో కలిసేచోట, కాషినె ఉద్యానవనం చివర ఛత్రి వంటి చిన్న మంటపం ఒకటి ఉంది. కొల్హాపూరు మహారాజు రెండవ రాజారాం ఇంగ్లండునుండి తిరిగివస్తూ 1870లో ఫ్లారెన్స్‌లో అకాలమరణం చెందాడు. హిందూ సంప్రదాయం ప్రకారం నదీసంగమంలో ఆయనకు దహనసంస్కారం జరిపారు. అప్పటికి అక్కడివారికి అది అపరిచితమైన ఆచారం. అయినా నగర పాలకులు అనుమతించారు. 1874లో ఆ స్థలంలో స్మారకం వెలసింది. సమీపంలోని వంతెనను నేటికీ భారతీయుని వంతెన అనే అర్థంవచ్చే పేరుతోనే పిలుస్తారు.

తెలుగుదేశ చరిత్రకు కూడ ఈ ప్రాంతంతో ఒక సంబంధం ఉన్నది. పదిహేనవ శతాబ్దిలో నికొలో కాంటి అనే ఇటలీ వర్తకుడు విజయనగరాన్ని దర్శించాడు. శ్రీనాథ మహాకవి జీవించిన కాలం అది. స్వదేశానికి తిరిగివెళ్ళిన కాంటి చెప్పిన విశేషాలను పోజ్జో బ్రాచ్చోలినీ అనే పండితుడు లాటిన్ భాషలో గ్రంథస్థం చేశాడు. ఈ పండితుడే తరువాతి కాలంలో ఫ్లారెన్స్ ప్రభుత్వ కార్యదర్శిగా పనిచేశాడు. విజయనగర చరిత్ర రచించినవారందరికీ ఆ గ్రంథం ముఖ్యమైన ఆధారమైంది. ఒకచోట ఒకరు శ్రద్ధగా రాసి భద్రపరచిన మాట మరొక జాతికి తన గతాన్ని చూపే దీపమవుతుందనడానికి ఇది నిదర్శనం.

నేటి సమస్య

నేడు ఫ్లారెన్స్‌కు వరదకంటె యాత్రికుల వెల్లువే పెద్ద సమస్యగా పరిణమించింది. పాత నగరంలోని ఇళ్ళను యాత్రికులకు అద్దెకు ఇవ్వడమే లాభసాటి కావడంతో స్థానికులకు ఇళ్ళు దొరకడం కష్టమైంది. అందువల్ల నగరపాలక సంస్థ 2023లో ప్రాచీన భాగంలో ఇటువంటి కొత్త అద్దెలపై నిషేధం విధించింది. చూడవచ్చినవారితోనే నిండి, నివసించేవారు లేని నగరం తెరపై బొమ్మవంటిదే అవుతుంది. వారసత్వ సంపదకు రాళ్ళు, రంగులు ఎంత అవసరమో వాటి నడుమ బ్రతికే మనుషులు కూడ అంతే అవసరం.

రాజులు సంపాదించారు, శిల్పులు సృష్టించారు. కాని ఆ సంపద నేటివరకు నిలవడానికి కారకులు వేరే ఉన్నారు. ఒప్పందం రాసిన రాకుమారి, పగిలిన పలకను ఏరి దాచిన కుటుంబం, నదిలో రాళ్ళు వెదికిన పనివారు, బురదలో నిలిచిన విద్యార్థులు, యాభైయేళ్ళు ఓర్పుతో వేచిన నిపుణులు – వీరందరూ కారకులే. వరంగల్లు తోరణాలపై, లేపాక్షి కుడ్యచిత్రాలపై, ఊరిగుడిలోని శిథిల శాసనంపై పేర్లు చెక్కకుండ, సున్నం పూయకుండ కాపాడేవారు కూడ ఈ కోవకు చెందినవారే. పూర్వులు ఇచ్చినదానిని చెడకుండ తరువాతివారికి అందించడం ప్రతి తరం తీర్చవలసిన ఋణం.